జానయ్య గొంతు దాచిన కార్డు

జానయ్య పదిహేడేళ్లు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సులకు జనాన్ని పిలిచాడు. విజయవాడ వైపు పోయే ప్రైవేటు బస్సులు ఆగేచోట, నా టికెట్ల కౌంటరుకు పది అడుగుల దూరంలో నిలబడేవాడు. "సూర్యాపేట, కోదాడ, నందిగామ, బెజవాడ! ఎక్కుడే, కూసునుడే!" అని కేక వేస్తే ఫ్లైఓవర్ కింద లారీల హారన్లలోంచి కూడా ఆ గొంతు విడిగా వినపడేది. మెట్రో మెట్లు దిగుతున్నవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. మాది గుడివాడ. నేనిక్కడికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో అంత గొంతున్న మనిషిని మళ్లీ చూడలేదు.

అతనిది నకిరేకల్ దగ్గర పల్లె. మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయాక భార్య యాదలక్ష్మినీ, చంకలో బిడ్డనీ తీసుకుని పట్నం వచ్చాడు. మొదటి నాలుగేళ్లు సిమెంటు బస్తాలు మోశాడు. ఒకరోజు బస్సు పిలిచే మనిషి రాకపోతే డ్రైవరు విసుగ్గా, "నువ్వన్నా ఒర్రు" అన్నాడట. అరగంటలో బస్సు నిండింది. మర్నాటి నుంచి బస్తాలు మానేశాడు. ఆ గొంతుతోనే చంపాపేట్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు నడిపాడు, కూతురు అరుణజ్యోతిని డిగ్రీ దాకా చదివించాడు. ఆ అమ్మాయి ఇప్పుడు రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తోంది.

తల్లి బుచ్చవ్వ కూడా వాళ్లతోనే ఉండేది. నీటికాసుల జబ్బుతో ఆమెకు ఆరేళ్ల కింద రెండు కళ్లూ పోయాయి. అప్పటినుంచి మనుషుల్ని గొంతులతోనే పోల్చుకునేది. నేను రెండేళ్లకోసారి వెళ్లినా, గుమ్మంలో "బాగున్నావా అవ్వా" అన్నానో లేదో, "జోగారావు గదా? రా బిడ్డా, కూసో" అనేది. కొడుకు రోజూ మెట్లెక్కుతూనే "అవ్వా, తిన్నవా?" అని అడిగేవాడు. "నువ్వు రాంది ఎట్ల తింట?" అనేది. తినేసి ఉన్నా అదే మాట అనేదని యాదలక్ష్మి నవ్వుతూ చెప్పేది.

పదిహేడో ఏడు కార్తీకంలో జానయ్య గొంతు బొంగురుపోయింది. "ఒర్రెటోని గొంతు గట్లనే ఉంటది సారూ" అన్నాడు. మిరియాల కషాయం తాగాడు. నేను దగ్గుబిళ్లలు ఇచ్చాను. మూడు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు కేక మధ్యలో దగ్గు తెర వచ్చి, చేతిరుమాల్లో నెత్తురు పడింది. పెద్ద దవాఖానకు పోతే ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు.

ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను. జానయ్య డాక్టరును ఒక్కటే అడిగాడు.

"మొత్తానికే మాట రాదా సారూ? ఇంట్లోళ్లతోని మాట్లాడే మందం గూడ?"

"ఊపిరి మెడ దగ్గర పెట్టే రంధ్రంలోంచి పోతుందయ్యా. నోట్లోకి గాలి రాదు. ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు" అన్నాడు డాక్టరు.

ఆపరేషన్‌కు పదకొండు రోజుల గడువిచ్చారు. అక్కడే మాటలు నేర్పే మేడం ఒకామె ఉంది. ఈలోపు అవసరమైన మాటలన్నీ సొంత గొంతుతో ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో రికార్డు చేసుకొమ్మంది. తర్వాత బొమ్మ మీద వేలు పెడితే ఆ మాట పలుకుతుంది. చిన్న జాబితా కూడా రాసిచ్చింది.

ఇంట్లో తల్లికి చెప్పక తప్పలేదు. బుచ్చవ్వ అంతా వింది. తర్వాత, "మరి నువ్వొచ్చినవని నాకెట్ల ఎరుకైతది బిడ్డా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే జానయ్య నా కౌంటరు ముందు నిలబడ్డాడు.

"సారూ, గీ ట్యాబులు గీబులు మీకు ఎరుకనే గదా. జర నాతోని దిల్‌సుఖ్‌నగర్ రాన్రి."

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి నాకన్నీ తెలుసని అతని నమ్మకం. నాకు తెలిసిందల్లా సీట్ల బొమ్మ మీద నొక్కి టికెట్టు తీయడమే. అయినా ఆ మాట అనలేదు. నలుగురిలో తెలిసినవాడిగా ఉండటం నాకిష్టం.

మెట్రోలో మూడు స్టేషన్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు మీదే ఉన్న ఒక పెద్ద షాపుకు వెళ్లాం. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి సంగతి చెబితే రెండు ట్యాబులు తీసి పెట్టింది. చూడటానికి రెండూ ఒకటే. ఒకదాంట్లో లోపలి మెమరీ ముప్పై రెండు జీబీ, రెండోదాంట్లో నూట ఇరవై ఎనిమిది. రెండింటికీ పక్కన మెమరీ కార్డు పెట్టుకునే చోటుంది.

"ముఖ్యమైన రికార్డింగులంటున్నారు కద సార్. పెద్ద మెమరీది తీసుకోండి. లోపలున్నది గట్టిది. కార్డు ఎక్కువైన సామాను పెట్టుకునే అటకలాంటిది, అంతే" అంది.

నేను నా తెలివి చూపించాను. "అవునమ్మా, రేపిది కిందపడి పగిలితే? లోపలున్నవన్నీ దాంతోపాటే పోతాయి. కార్డయితే తీసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు కదా."

"అదీ నిజమే సార్. అట్లయితే రెండు చోట్ల పెట్టుకోండి. లోపలొకటి, కార్డులో ఒకటి. కార్డు కూడా బిల్లుతోనే కొనండి. బయట దొరికేటివి నమ్మలేం."

ఖరీదైన సరుకు అంటగట్టాలని చూస్తోందనుకున్నాను. జానయ్య మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూస్తున్నాడు. చివరికి, "సారు చెప్పిందే ఇయ్యి బిడ్డా" అన్నాడు. ముప్పై రెండు జీబీది తీసుకున్నాం.

కార్డు మాత్రం నేనే అక్కడ కొననివ్వలేదు. మెట్రో పిల్లరు పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని ఒకడు ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు, కార్డులు అమ్ముతున్నాడు. షాపులో చూసిన ప్యాకెట్టే, అదే రంగు, అదే అంకె, నూట ఇరవై ఎనిమిది. ధర సగం కూడా లేదు. వాడితో బేరమాడి ఇంకా తగ్గించాను. అప్పుడు నాకు కలిగిన సంతోషం నాకింకా గుర్తుంది.

కౌంటరుకొచ్చి నా చేతులతోనే కార్డు ఎక్కించాను. ట్యాబు అడిగింది, రికార్డు చేసినవి లోపల దాచనా, కార్డులో దాచనా అని. కార్డులో అని నొక్కాను.

నా కౌంటరు వెనక చిన్న గది ఉంది. మధ్యాహ్నం బస్సులు తక్కువుండే వేళ జానయ్య అక్కడ కూర్చునేవాడు. చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపేవాళ్లం. చెమటలు కారుతుండేవి. గొంతు మాత్రం రికార్డు చేస్తే చాలని మేడం అంది. అరుణజ్యోతి మాత్రం, "నాయిన ముఖం గూడ ఉండాలె అంకుల్" అంది. సరే, వీడియోనే తీద్దామన్నాను. స్పష్టంగా రావాలని అన్నిటికంటే పైనున్న క్వాలిటీ పెట్టాను.

మొదటి రెండు రోజులు మేడం ఇచ్చిన జాబితాతోనే సరిపోయింది. "నీళ్లు కావాలె." "నొప్పి లేస్తున్నది." "చలి పెడ్తున్నది." "డాక్టరును పిలువున్రి." ఒక్కో మాటా అతనికి నచ్చేదాకా నాలుగైదుసార్లు చెప్పేవాడు. తీసినవన్నీ మళ్లీ వేసి చూసుకున్నాం. అన్నీ పలికాయి. దాంతో మూడో రోజు నుంచి వేసి చూడటం మానేశాం. తీసిన ప్రతిదానికీ జానయ్య ముఖంతో చిన్న బొమ్మ తెర మీద వస్తోంది, అంతకంటే ఏం కావాలి?

ఒకసారి నేనే అడిగాను, "బస్సు పిలుపు ఒక్కసారి పిలువు జానయ్యా, ఉంచుకుందాం" అని. నోరు తెరిచి ఆగిపోయాడు. "గా గొంతు ఎప్పుడో పోయింది సారూ. తీయకున్రి" అన్నాడు.

మిగిలిన రోజులన్నీ తల్లి కోసమే. "అవ్వా, నేనొచ్చిన." "అవ్వా, తిన్నవా?" అని, ఆమె జవాబు చెప్పేంతసేపు ఆగి, "ఏం కూర?" అనేవాడు. వానాకాలానికని కొన్ని: "ఇయ్యాల వాన దంచి కొట్టిందే అవ్వా, బస్సులన్నీ లేటు." ఎండలకని కొన్ని, బోనాలకని, బతుకమ్మకని కొన్ని. ఆమె అలిగితే చెప్పడానికి, ఆమెకు జ్వరమొస్తే చెప్పడానికి. ఒక్కో మాటకూ నాలుగు రకాలు చెప్పాడు, రోజూ ఒకటే వింటే కనిపెడుతుందని. గొంతు నొప్పెడుతుంటే వేణ్నీళ్లు పుక్కిలించి మళ్లీ మొదలుపెట్టేవాడు. యాదలక్ష్మి గడప దగ్గర కూర్చుని వింటూ ఉండేది. ఒకసారి, "నాకేం చెప్పవా?" అంది.

ఆ మాటకు జానయ్య మమ్మల్నందర్నీ బయటికి పొమ్మన్నాడు. యాదలక్ష్మిని కూడా. తలుపేసుకుని ఇరవై నిమిషాలున్నాడు. బయటికొచ్చాక, "ఇంటికొచ్చినంక ఇను" అని మాత్రం అన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు వార్డులో ట్యాబు చేతికిచ్చాం. వేలితో ఒక బొమ్మ నొక్కాడు. "నొప్పి లేస్తున్నది" అంది ట్యాబు, అచ్చం అతని గొంతుతో. నర్సు ఆశ్చర్యపోయి ఇంకో నర్సును పిలిచి చూపించింది. పక్క మంచాలవాళ్లు ఎక్కడ కొన్నారని అడిగారు. నేనే కొనిపించానని చెప్పుకున్నాను. దవాఖానలో అతనికి కావలసిన మాటలన్నీ ఆ జాబితాలోవే. అందుకే ఆ మూడు వారాలూ మాకేమీ తెలియలేదు.

ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆటోలో నేనూ వెళ్లాను. జానయ్య మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. మెడలో గొట్టం, దాని మీద తడిగుడ్డ, ఊపిరి తీసినప్పుడల్లా గురగుర. బుచ్చవ్వ ఆ చప్పుడుకు తల తిప్పి, "ఎవలది?" అంది.

జానయ్య ఆమె ముందు నేలమీద కూర్చుని నవ్వుతూ ట్యాబు ఒళ్లో పెట్టుకున్నాడు. "అవ్వా, నేనొచ్చిన" అని తీసిన బొమ్మ మీద నొక్కాడు. తెర మీద తెల్లటి చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, ఈ ఫైలు తెరవలేము అని వచ్చింది. ఇంకోటి నొక్కాడు. అదీ అంతే. ఇంకోటి. వరసగా నొక్కుకుంటూ పోయాడు. ప్రతి గడిలో అతని ముఖం ఉంది, మాట లేదు.

"ఎవలొచ్చిన్రు? మాట్లాడరేంది?" అంది బుచ్చవ్వ మళ్లీ.

"నాయినే నానమ్మా, నాయినొచ్చిండు" అంది అరుణజ్యోతి. బుచ్చవ్వ నమ్మనట్టు మొహం తిప్పుకుంది.

జానయ్య తల ఎత్తి నావైపు చూశాడు. ట్యాబు నాకు అందించాడు. బాగుచేయమన్నట్టు.

మర్నాడు ఆ కార్డును పోయిన ఫైళ్లు వెతికి తీసే షాపులో ఇచ్చాను. అతను కార్డును కంప్యూటర్లో పెట్టి గంటసేపు ఏదో పరీక్ష చేశాడు. "ఇది నూట ఇరవై ఎనిమిది కాదు సార్. ఎనిమిది జీబీ కార్డు. పెద్దదని అబద్ధం చెప్పేటట్టు తయారుచేసిన్రు. ఎనిమిది నిండేదాకా దాచుకుంటది. ఆ తర్వాత వచ్చినవన్నీ తీసుకున్నట్టే చూపిస్తది గని ఎక్కడా రాయదు" అన్నాడు.

"మరి బొమ్మలు కనిపిస్తున్నాయి కదా?"

"చిన్న బొమ్మలు ట్యాబు లోపలి మెమరీల ఉన్నయి సార్. వీడియోలు కార్డుల లేనేలేవు. లేనివాటిని ఎట్ల తీస్త?" అన్నాడు. తర్వాత అడిగాడు, "లోపలనే పెట్టుకుంటే సరిపోతుండె గద, ఎందుకు కార్డుల పెట్టిన్రు?"

నా కౌంటర్లో కంప్యూటర్ ఉంది. దాంట్లో ఒక కాపీ వేసి ఉంచినా సరిపోయేది. ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారీ ఆ ఆలోచన రాలేదు. మెట్రో పిల్లరు దగ్గరికి వెళ్లాను. ఆ గొడుగు కింద ఇంకెవరో సాక్సులు అమ్ముతున్నారు.

జానయ్యకు అన్నీ చెప్పాను, షాపులో అమ్మాయి ఏమందో, నేనేం కొన్నానో, ఏం నొక్కానో. అతను విని కాగితం మీద రాశాడు: "యాదలక్ష్మికి చెప్పినవి గూడ పోయినయా?" పోయాయన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇరవై నిమిషాలు ఏం చెప్పావని యాదలక్ష్మి తర్వాత చాలాసార్లు అడిగిందట. కాగితం మీద మాత్రం అతను రాయలేదు.

బుచ్చవ్వ సంగతి అంతకంటే ఘోరమైంది. ఇంట్లో ఎవరో పరాయి మనిషి గురగురమంటూ తిరుగుతున్నాడని ఆమెకు భయం పట్టుకుంది. కొడుకు దవాఖానలోనే చనిపోయాడనీ, అది తననుంచి దాస్తున్నారనీ నిశ్చయించుకుంది. ఒకరోజు జానయ్య ఎదురుగా కూర్చుని ఉండగానే శోకం పెట్టింది. "నా జానడు సచ్చిండు. నాతోని అబద్ధం జెప్తున్రు. ఇంతమంది ఉండి ఒక్కరన్నా నిజం జెప్పరేందే" అని రొమ్ములు బాదుకుంది. యాదలక్ష్మి ఆమె చేతులు పట్టుకెళ్లి జానయ్య మొహం మీద పెట్టింది. బుచ్చవ్వ నుదురు, ముక్కు, చెవులు అన్నీ తడిమింది. కిందికి తడుముతూ మెడ దగ్గర గొట్టం తగలగానే చేయి వెనక్కి లాక్కుంది.

"ముఖం నా కొడుకుదే. నా కొడుకేడి?" అంది.

అప్పుడు జానయ్య దవాఖాన మాటల్లోంచి ఒకటి నొక్కాడు. "నీళ్లు కావాలె."

బుచ్చవ్వ లేచి నిలబడింది. "ఒస్తున్న బిడ్డా, ఒస్తున్న" అంటూ గోడ పట్టుకుని బిందె దగ్గరికి పోయింది. సగం ఒలకబోస్తూ గ్లాసు తెచ్చింది. జానయ్య తాగాడు. ఆ సాయంత్రం మళ్లీ నొక్కాడు. మళ్లీ తెచ్చింది. దాహం లేకపోయినా రోజుకు ఐదారుసార్లు ఆమె చేతి నీళ్లు తాగేవాడు. ఇచ్చినప్పుడల్లా ఆమె అతని తల నిమిరేది. ఆ పదిరోజులూ ఇంట్లో కొంచెం తెరిపిగా ఉందని అరుణజ్యోతి చెప్పింది.

పదకొండో రోజో పన్నెండో రోజో, బుచ్చవ్వ గ్లాసు పట్టుకుని ఆగింది.

"ఒక్కతీర్గనే అంటవేంది బిడ్డా? పొద్దుగాల గట్లనే, మాపటికి గట్లనే. ఇంకో మాట అనరాదు?"

జానయ్య "చలి పెడ్తున్నది" నొక్కాడు. ఎండాకాలం. బుచ్చవ్వ చేయి చాచి ట్యాబును తడిమింది, దాని అంచులు, దాని గాజు. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"గిందుల పెట్టిన్రా వాని గొంతును" అంది. తర్వాత, "సచ్చినోని మాట లెక్కనే ఉన్నది. ఆపున్రి. నాకిక ఇనిపియ్యకున్రి" అంది.

ఆ తర్వాత జానయ్య ట్యాబును ఇంట్లో ముట్టుకోలేదు.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు దవాఖానవాళ్లు గొంతుకు ఆనించి మాట్లాడే చిన్న మిషన్ ఇచ్చారు. నొక్కి పెదవులు కదిపితే జుయ్యిమంటూ ఇనుప గొంతు వస్తుంది. మొదటిసారి ఇంట్లో దాంతో "అవ్వా" అనగానే బుచ్చవ్వ దుప్పటి ముసుగు పెట్టుకుని మూలకు జరిగింది. అతను దాన్ని జేబులో వేసుకున్నాడు. బయట మాత్రమే తీసేవాడు. చౌరస్తాలో పిలుపు పని ఇంకెవరో చేస్తున్నారు. జానయ్యకు బస్సుల్లో పార్సిళ్లు కట్టి ఎక్కించే పని చూపించాను. నేను చేయగలిగింది అదొక్కటే. నాతో అవసరమైనంతవరకే మాట్లాడేవాడు. నేనూ అంతకంటే ఆశించలేదు.

బుచ్చవ్వ ఆషాఢంలో పోయింది. చివరి నెలలో కొడుకు పక్కన కూర్చుంటే పొమ్మనేది కాదు, పలకరించేదీ కాదు. అన్నం తినిపిస్తే తినేది. ఆ చేయి ఎవరిదనుకుందో మాకు తెలియదు.

శవాన్ని ఊరికి తీసుకుపోయారు. నేనూ వెళ్లాను. సన్నగా వాన పడుతోంది. నిప్పుకుండ పట్టుకుని జానయ్య ముందు నడిచాడు. ఊరు దాటాక, కాటికి సగం దారిలో పాడె దించారు. అక్కడ కొడుకు చచ్చినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే ఆ పిలుపుకు తిరిగొస్తుందని చేస్తారు. అందరూ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

జానయ్య తమ్ముడు ఎల్లయ్య ముందుకొచ్చి, "నేను పిలుస్త తియ్యే అన్నా" అన్నాడు. జానయ్య తల అడ్డంగా ఊపాడు. నిప్పుకుండను తమ్ముడి చేతికిచ్చి, జేబులోంచి మిషన్ తీశాడు. దాన్ని ఒకసారి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

బురదలో మోకాళ్ల మీద వంగి, తల్లి చెవికి నోరు ఆనించాడు. పెదవులు కదిలాయి. మెడ మీది గుడ్డ లోపలికి పోయి బయటికి వచ్చింది, గాలి ఆ రంధ్రంలోంచే పోయింది. పక్కనే నిలబడ్డ నాకు ఏమీ వినపడలేదు. రెండోసారి వంగాడు. మూడోసారి వంగి, మిగతా రెండుసార్లకంటే ఎక్కువసేపు ఉన్నాడు. తర్వాత లేచి నిప్పుకుండ తీసుకున్నాడు. నలుగురూ పాడెను భుజాల మీదికి ఎత్తుకున్నారు.